నూటికి ఎనభై ఏడు

ఎల్ ఆల్తోలో ఆ బడికి వెళ్ళాలంటే
కేబుల్ కారు దిగి, టైర్ల కొట్ల మధ్యనుంచి
ఊపిరి లెక్కపెట్టుకుంటూ నడవాలి.
సముద్రం నాలుగు వేల మీటర్ల కింద ఎక్కడో ఉంది.
నా సంచిలో డెబ్భై రెండు ప్రశ్నపత్రాలు.
ఒక సెక్షన్‌కి నల్లబల్ల పాఠం,
ఇంకో సెక్షన్‌కి చేత్తో చేసి చూసే పాఠం.
ఎవరికి ఎంత ఎక్కువ ఒంటబట్టిందో తేల్చడమే నా పని.

బాసీలియా టీచరు స్పిరిటు దీపం వెలిగించింది.
ఈ పల్చటి గాలిలో మంట కూడా బద్ధకంగా లేస్తుంది.
బీకరు చుట్టూ ఉన్ని టోపీల తలలు.
ఎర్రగీత పాకింది, అరవై, డెబ్భై, ఎనభై,
ఎనభై ఏడు దగ్గర కూలబడింది.
నీళ్ళేమో కుతకుతలాడుతున్నాయి.

థర్మామీటరు పాడయిందన్నాడొకడు.
మార్చారు. ఎనభై ఏడు.
మంట చాల్లేదంది వెనక నించున్న పిల్ల.
రెండో దీపం పెట్టారు. నీళ్ళు బల్లమీదికి చిందాయి.
ఎనభై ఏడు.
ఎఫ్రయిన్ అని, నోరు విప్పని కుర్రాడు,
నోట్సులో ఎనభై ఏడని రాసి
పక్కవాళ్ళ కాగితాలు చూసి
చెరిపేసి
నూరు అని రాశాడు.
రబ్బరు పొట్టు మెల్లగా ఊదేశాడు.
నేను చూశాను.
నా పరిశీలన పట్టికలో దానికి గడి లేదు.

వారం తర్వాత పరీక్ష పెట్టాను.
నాలుగో ప్రశ్న: నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుంది?
అద్దెగదిలో దుప్పటి కప్పుకుని దిద్దాను.
నల్లబల్ల సెక్షన్‌లో అందరూ నూరే,
నూటికి నూరు.
చేసి చూసినవాళ్ళలో పదకొండు మంది తప్పారు.
ఎర్రసిరాతో పదకొండు సున్నాలు చుట్టాను.
ప్రయోగం వల్ల పిల్లలు తికమకపడుతున్నారని
ఒక వాక్యం రాసుకున్నాను కూడా,
బాగానే ఉందనిపించింది.

ఆ తర్వాతి కాగితం నీల్దా యూహ్రాది.
అంకె వెయ్యలేదు. ఒక్క ముక్క రాసింది:
ఎక్కడ, మిస్?

నేను పుట్టింది త్రినిదాద్‌లో, బేని మైదానంలో,
ఏటి నీళ్ళు గుమ్మందాకా వచ్చే ఊళ్ళో.
అక్కడ పుస్తకం నూరంటే పొయ్యి కూడా నూరే అనేది.
ఆ రెండింటికీ ఎప్పుడూ గొడవ రాలేదు.
గొడవ రాకపోవడాన్నే
నేను ఇన్నేళ్ళూ అర్థం కావడం అనుకున్నాను.

ఆదివారం సంతలో నీల్దా వాళ్ళమ్మ
సూపు అమ్ముతుంటే వెళ్ళి కూచున్నాను.
ఎండబెట్టిన నల్ల ఆలుగడ్డలు
పొద్దున్నుంచీ ఉడుకుతూనే ఉన్నాయి.
"కింద యుంగాస్ లోయలో మా చెల్లి ఇంట్లో
ఇందులో సగం సేపు చాలు," అంది గరిటె తిప్పుతూ.
"ఇక్కడి నీళ్ళకి కోపం త్వరగా వస్తుంది,
బలం మాత్రం తక్కువ.
నువ్వు చదివినదాంట్లో ఇది లేదా?"
ఉంది. నాలుగో అధ్యాయంలో, పీడనం కింద.
దాని మీద నాకు మంచి మార్కులొచ్చాయి కూడా.
నా పప్పులు ఇక్కడ ఉడకవని
ఆమె కుండకి ముందే తెలుసు.

రాత్రి మళ్ళీ కాగితాలు పరిచాను.
పదకొండు సున్నాలు కొట్టేశాను.
నీల్దా ప్రశ్నకి ఎన్ని మార్కులో తోచక
ఖాళీగా వదిలేశాను.
ఫలితాలేవని గైడు రెండుసార్లు రాశాడు.
ప్రశ్నే తప్పని ఆయనకెలా చెప్పాలో
ఇంకా వెతుక్కుంటున్నాను.

ఎఫ్రయిన్ కాగితం ఆఖర్న దొరికింది.
నూరు అని గట్టిగా, నలుపుగా.
బల్బుకి ఎత్తి పట్టుకున్నాను.
చెరిపినచోట కాగితం పల్చబడింది.
నూరు వెనకాల, నొక్కి రాసిన గాట్లలో,
ఎనభై ఏడు.